పేనుకొరుకుడు, ఎగ్జిమా: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

నెలల బిడ్డగా ఉన్నప్పుడు బుగ్గల మీద, తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా వచ్చి పోతూ ఉన్న పిల్లాడికి ఏడో ఏటో ఎనిమిదో ఏటో తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి నున్నగా తేలిందనుకోండి. ఇంట్లో పుట్టే అనుమానాలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒంటి మీది జబ్బే తలకెక్కిందా? ఇన్నేళ్లు పూసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చేసిన పనా? రక్తం చెడిందా? ఫోన్లో వెతికితే జవాబులు రెండు రకాలుగా దొరుకుతాయి. పేనుకొరుకుడు, ఎగ్జిమా రెండూ ఆటోఇమ్యూన్ జబ్బులే, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదే తిరగబడే జబ్బులే, మూలం ఒక్కటే అనేది ఒకటి. ఒకటి జుట్టుకు సంబంధించింది, మరొకటి చర్మానికి, పొంతనే లేదు అనేది రెండోది. రెండూ సరికాదు. సంబంధం ఉన్నమాట నిజం, కానీ అది అందరు రోగుల్లోనూ ఉండేది కాదు. కొందరిలోనే గట్టిగా ఉంటుంది. ఆ కొందరెవరన్నదే అసలు ప్రశ్న.

ఈ చర్చ ఇప్పుడు ఎక్కువ కావడానికి కారణం ఉంది. 2022 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నటి జేడా పింకెట్ స్మిత్ గుండు గురించి వేసిన జోకు, దానికి ఆమె భర్త విల్ స్మిత్ కొట్టిన చెంపదెబ్బ కలిసి జుట్టు ఊడటానికి వైద్యుల మాటైన అలొపీషియాను ప్రపంచమంతా తిప్పాయి. అసలైన వార్త మూడు నెలల తర్వాత వచ్చింది. ఆ జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్రమైన పేనుకొరుకుడుకు బారిసిటినిబ్ అనే మాత్రను ఆమోదించింది. ఆ జబ్బుకు లోపలికి తీసుకునే మందుగా ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన మొదటిది అదే. విశేషం ఏమిటంటే, యూరప్‌లో 2020లోనే అదే మాత్రకు ఎగ్జిమా కోసం అనుమతి వచ్చింది. ఒకే మాత్ర రెండింటికీ పనిచేస్తోందంటే మూలమూ ఒకటేనన్న వాదన అక్కణ్నుంచే బలపడింది. ఆ వాదనలో ఒక చిల్లు ఉంది. దాని దాకా వెళ్లాలంటే ముందు జబ్బులేమిటో తేల్చుకోవాలి.

ఏ జబ్బుల గురించి మాట్లాడుతున్నాం

పేనుకొరుకుడు అని పేరేగానీ ఇందులో పేనుకు ఏ పాత్రా లేదు, మరే పురుగుకూ లేదు. వైద్యులు దీన్ని అలొపీషియా ఏరియేటా అంటారు. ఉన్నట్టుండి గుండ్రంగా జుట్టు ఊడుతుంది. అక్కడ చర్మం నున్నగా ఉంటుంది, పొలుసులు ఉండవు, నొప్పి ఉండదు. అంచున కొన్ని పొట్టి వెంట్రుకలు కుదురు దగ్గర సన్నగా, కొస దగ్గర లావుగా కనిపిస్తాయి. కొందరికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడతాయి. జీవితకాలంలో నూటికి సుమారు ఇద్దరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాలామందిలో ఒకటి రెండు మచ్చలతో ఆగుతుంది. చిన్నపాటి మచ్చలున్న వాళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి ఏడాదిలోపు ఏ మందూ లేకుండానే జుట్టు తిరిగొస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంటి వైద్యాల దగ్గర పనికొస్తుంది. కొద్దిమందిలో తల మొత్తం, ఇంకా కొద్దిమందిలో కనుబొమలు, రెప్పలతో సహా ఒంటి మీది వెంట్రుకలన్నీ పోతాయి. మగవాళ్లకు నుదుటి నుంచి వెనక్కి జరిగే బట్టతల, జ్వరం తర్వాతో కాన్పు తర్వాతో దువ్వెన నిండా రాలే జుట్టు వేరే సంగతులు.

ఎగ్జిమా అన్నది ఒక్క జబ్బు పేరు కాదు. డిటర్జెంటు, సిమెంటు, జుట్టు రంగు వంటివి తగిలి వచ్చేది ఒకటి, తలలో జిడ్డు పొలుసులతో వచ్చేది ఒకటి, ఇలా చాలా ఉన్నాయి. పేనుకొరుకుడుతో ముడిపెట్టి పరిశోధకులు మాట్లాడేది ప్రధానంగా అటోపిక్ ఎగ్జిమా గురించి. పసితనంలో మొదలై, ఆస్తమా, తుమ్ములూ ముక్కుకారడం లాంటి అలర్జీలతో పాటు కుటుంబాల్లో కనిపించే రకం అది. ఈ మొత్తం ధోరణికి అటోపీ అని పేరు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఊళ్లో తామర అన్నప్పుడు అది ఎగ్జిమా కావచ్చు, ఫంగస్‌తో గుండ్రంగా వచ్చే మచ్చా కావచ్చు. ఆ ఫంగస్ పిల్లల తలకు పాకితే అక్కడా గుండ్రంగానే జుట్టు పోతుంది. కాకపోతే పొలుసులు, దురద, మొదట్లోకి విరిగిన వెంట్రుకలు కనిపిస్తాయి. అది అంటుకునే జబ్బు, ఫంగస్ మందులతో తగ్గే జబ్బు. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ కలిపిన క్రీము నెలల తరబడి పూస్తే ఫంగస్ రూపమే మారిపోయి చూసిన వైద్యుడూ తికమకపడతాడు. ఇవి చాలవన్నట్టు తలలోనే ఎగ్జిమా ఉంటే గోకి గోకి వెంట్రుకలు తెగుతాయి, దురద తగ్గితే మళ్లీ వస్తాయి. ఈ రెండు సందర్భాల్లోనూ చర్మం మీద మచ్చ ఉంది, తల మీద జుట్టు లేదు, అయినా మనం ఇక్కడ చెప్పుకుంటున్న సంబంధం లేదు.

వెంట్రుక కుదురు దాక్కోవడం మానేసినప్పుడు

ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను ఉపరితలం మీదికి తెచ్చి చూపిస్తుంది. టీ కణాలనే తెల్లరక్త కణాలు వాటిని తనిఖీ చేస్తూ తిరుగుతాయి. వైరస్ ముక్క కనబడితే ఆ కణాన్ని చంపుతాయి. పెరుగుతున్న వెంట్రుక కుదురు అడుగు భాగం మాత్రం ఈ ప్రదర్శనను బాగా తగ్గించుకుని ఉంటుంది. కంటి లోపలి భాగాలకూ ఇలాంటి మినహాయింపే ఉంది. తనిఖీకి కనబడదు కాబట్టి దాడికీ గురికాదు.

పేనుకొరుకుడులో ఈ మినహాయింపు కూలిపోతుంది. కుదురు చుట్టూ టీ కణాలు మూగుతాయి. అవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను వదులుతాయి. దానికి స్పందించి కుదురు కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 అనే మరో సంకేత ప్రొటీన్‌ను వదులుతాయి. అది టీ కణాలను మరింత రెచ్చగొడుతుంది, అవి మరింత ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. ఈ చక్రం తిరిగినంత కాలం వెంట్రుక పెరగదు. అయితే కుదురుకు కాస్త పైన ఉండే మూలకణాల జోలికి దాడి పెద్దగా వెళ్లదు. అందుకే మచ్చ గట్టిపడదు, ఎన్నో ఏళ్లు నున్నగా ఉన్న చోట కూడా జుట్టు తిరిగి మొలిచే అవకాశం మిగిలి ఉంటుంది.

ఈ చక్రాన్ని విప్పిచెప్పిన వాళ్లలో ముఖ్యులు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ జన్యు శాస్త్రవేత్త ఏంజెలా క్రిస్టియానో. ఆమెకే ఈ జబ్బు ఉందని ఆమె బహిరంగంగా చెప్పారు. 2010లో ఆమె బృందం వెయ్యికి పైగా రోగుల జన్యువులను పోల్చి, కుదురు కణాలు ఆపద సంకేతం ఇచ్చేలా చేసే జన్యువులను గుర్తించింది. 2014లో అదే యూనివర్సిటీ నుంచి, పై చక్రమంతా జాక్ అనే ఎంజైముల మీదుగా నడుస్తోందనీ, వాటిని ఆపితే ఎలుకల్లోనూ కొద్దిమంది రోగుల్లోనూ జుట్టు వచ్చిందనీ పరిశోధన వెలువడింది. జాక్‌లను అడ్డుకునే మాత్ర బారిసిటినిబ్ ఆమోదానికి దారి వేసింది ఈ పనే.

ఎగ్జిమా ఆటోఇమ్యూన్ జబ్బేనా

2006లో స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీకి చెందిన ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులోని లోపాలు అటోపిక్ ఎగ్జిమాకు పెద్ద కారణమని చూపింది. చర్మం పైపొర గట్టిగా, తేమగా ఉండటానికి ఫిలాగ్రిన్ కావాలి. అది తక్కువైతే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, క్రిములు, రసాయనాలు లోపలికి చొరబడతాయి. వాటికి చర్మం ఇచ్చే స్పందన ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాల మీద నడుస్తుంది. చాలామందిలో రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ పెరుగుతుంది. దురద, గోకడం, పొర ఇంకా చెదరడం, మళ్లీ దురద. అందరి ఎగ్జిమాకూ ఫిలాగ్రిన్ లోపమే కారణం కాదు, కానీ పొర బలహీనత ఎంత ముఖ్యమో ఆ పరిశోధనతోనే తేలింది.

దీన్ని ఆటోఇమ్యూన్ అనవచ్చా? ఎక్కువమంది వైద్యులు అనరు. పేనుకొరుకుడులో దాడికి గురి సొంత కుదురు. ఎగ్జిమాలో ప్రతిచర్య మొదలయ్యేది బయటి వాటి మీద, దెబ్బతినేది చర్మం. రెండో వైపు వాదించేవాళ్లు చూపే ఆధారం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. దీర్ఘకాలిక ఎగ్జిమా ఉన్న కొందరి రక్తంలో సొంత చర్మ ప్రొటీన్లకే వ్యతిరేకంగా ఐజీఈ కనిపించింది. అయితే అవి జబ్బుకు కారణమా, ఏళ్ల తరబడి చర్మం చిట్లడం వల్ల పుట్టిన పర్యవసానమా అన్నది తేలలేదు. నాకు మొదటి పక్షమే సమంజసంగా కనిపిస్తుంది. రెండూ ఆటోఇమ్యూన్ కాబట్టి కలిసి వస్తాయి అన్న వివరణ ఇక్కడితోనే కుంటుబడుతుంది.

తక్కెడ సిద్ధాంతం ప్రకారం ఇవి కలవకూడదు

1986లో టిమ్ మోస్మన్, రాబర్ట్ కాఫ్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల సహాయక టీ కణాల్లో రెండు తెగలను గుర్తించారు. మొదటి తెగ టీహెచ్1, అది ఇంటర్‌ఫెరాన్ గామాను వదులుతుంది. రెండోది టీహెచ్2, అది ఇంటర్‌ల్యూకిన్-4 దారిలో నడుస్తుంది. ఒకదాని సంకేతం రెండోదాన్ని అణుస్తుంది. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. దశాబ్దాలపాటు జబ్బులను ఈ తక్కెడ మీదే తూచారు. పేనుకొరుకుడు టీహెచ్1 వైపు, ఎగ్జిమా టీహెచ్2 వైపు.

అలాగైతే ఎగ్జిమా ఉన్నవాడికి పేనుకొరుకుడు రాకుండా కాస్తయినా రక్షణ ఉండాలి. జరుగుతున్నది తలకిందులు. దీనికి రెండు రకాల సమాధానాలున్నాయి.

తక్కెడే మరీ సరళమైనది అనేది మొదటిది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధకులు 2015లో పేనుకొరుకుడు ఉన్నవాళ్ల తల చర్మం ముక్కలను పరీక్షిస్తే ఇంటర్‌ఫెరాన్ గుర్తులతో పాటు ఇంటర్‌ల్యూకిన్-13 గుర్తులు కూడా పెరిగి కనిపించాయి. అటుపక్క, ముదిరిన ఎగ్జిమా మచ్చల్లో టీహెచ్1 కణాలూ చేరతాయని ముందే తెలుసు. జర్మన్ పరిశోధకులు 2012లో ఇంటర్‌ల్యూకిన్-13 జన్యువు ఉన్న ప్రాంతమే పేనుకొరుకుడుతో ముడిపడి ఉందని చూపారు. ఆ ప్రాంతం ఎగ్జిమా, ఆస్తమా పరిశోధకులకు పాత పరిచయం. అంటే పళ్లాలు రెండూ ఒకేసారి దిగగలవు.

రెండో సమాధానం వరస గురించి. ముందు చర్మం పొర చెడుతుంది, అక్కడ వాపు స్థిరపడుతుంది, ఆ వాపు ముదిరి ఇంటర్‌ఫెరాన్ దాకా వెళ్తుంది, అప్పుడు పక్కనే ఉన్న కుదుళ్ల మినహాయింపు కూలుతుంది. వినడానికి ఇంపుగా ఉంది. దీనికి ఎదురు ప్రశ్న కూడా సులువైనదే: ఎగ్జిమా ఉన్నది మోచేతి మడతల్లో, జుట్టు పోయింది తల మీద. పక్కపక్కన ఉండటమే కారణమైతే మచ్చ ఉన్న చోటే వెంట్రుకలు పోవాలి. సాధారణంగా అలా జరగదు. కాబట్టి ఒంటి మీది జబ్బు తలకెక్కింది అనే మాటకు ఆధారం తక్కువ. రెండు జబ్బులకూ అనువైన నేల ఒకే ఒంట్లో ఉంది అనేది నిలబడే మాట.

రెండున్నర రెట్లు అంటే ఎంతమంది

2015లో అమెరికాలోని వైద్యులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కవేశారు. పేనుకొరుకుడు ఉన్నవాళ్లలో అటోపిక్ ఎగ్జిమా ఉండే అవకాశ నిష్పత్తి, లేనివాళ్లతో పోలిస్తే సుమారు 2.57 రెట్లు అని వచ్చింది. వార్తల్లో ఇది రెండున్నర రెట్ల ముప్పు అవుతుంది, వినగానే గుండె జారుతుంది. అంకెలతో చూద్దాం.

లెక్క కోసం, మామూలు జనంలో వెయ్యి మందిలో 20 మందికి జీవితంలో ఎప్పుడో పేనుకొరుకుడు వస్తుందనుకుందాం. ఎగ్జిమా ఉన్న వెయ్యి మందికి అదే నిష్పత్తిని అన్వయిస్తే ఆ సంఖ్య దాదాపు 50 అవుతుంది. మిగతా 950 మందికి రాదు. వచ్చిన 50 మందిలోనూ ఎక్కువమందికి ఒకటి రెండు మచ్చలే. పోలిక పెద్దది, అసలు ముప్పు చిన్నది. ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు రోజూ పిల్లల తల వెతుక్కోవాల్సినంత లెక్క కాదిది.

ఈ సంఖ్య మీద అనుమానపడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల అభ్యంతరం ఇది: ఒక జబ్బుతో చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లినవాళ్లను ఆయన ఒళ్లంతా చూస్తాడు, రెండోది కూడా రికార్డులోకి ఎక్కుతుంది. రెండోది మాత్రమే ఉండి ఆస్పత్రి గడప తొక్కనివాళ్లు లెక్కలోకే రారు. అందువల్ల ఆస్పత్రి రికార్డుల్లో జబ్బులు జంటగా ఉన్నట్టు కనబడటం మామూలే. అభ్యంతరం న్యాయమైనదే. కానీ తైవాన్ వంటి చోట దేశం మొత్తానికి ఉన్న ఆరోగ్య బీమా వివరాలతో చేసిన అధ్యయనంలోనూ ఈ ముడి కనిపించింది. పైగా జన్యువుల్లో దొరికిన ఉమ్మడి ప్రాంతాలకు ఆస్పత్రి గడపతో పనిలేదు. సంబంధం పరిమాణం కాస్త అటూ ఇటూ కావచ్చుగానీ సంబంధమే భ్రమ అనడం కష్టం.

1965లోనే ఒక జపాన్ వైద్యుడు చెప్పింది

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇకెడా వర్గీకరణ. జపాన్‌కు చెందిన ఇకెడా 1965లో దాదాపు రెండు వేలమంది రోగులను పరిశీలించి పేనుకొరుకుడును నాలుగు రకాలుగా విడగొట్టారు. జన్యు పరీక్షలు లేవు, ఇంటర్‌ల్యూకిన్ అన్న మాటే ఇంకా పుట్టలేదు. ఆయన చేసిందల్లా రోగి వయసు, కుటుంబ చరిత్ర, పక్క జబ్బులు, జుట్టు తిరిగొచ్చిన తీరు శ్రద్ధగా రాసుకోవడం. అందులో ఒకటి అటోపిక్ రకం. చిన్న వయసులో మొదలవుతుంది, ఏళ్ల తరబడి సాగుతుంది, తల మొత్తం ఊడే దశకు వెళ్లే అవకాశం ఎక్కువ. ఏ పక్క జబ్బూ లేని మామూలు రకం తొందరగా తగ్గుతుంది. థైరాయిడ్ వంటి ఆటోఇమ్యూన్ గ్రంథి జబ్బులతో వచ్చేది ఇంకో రకం. తల్లిదండ్రుల అధిక రక్తపోటుతో ముడిపెట్టి ఆయన చెప్పిన నాలుగో రకాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మిగతా వర్గీకరణ ఎంత పాతబడినా అటోపిక్ రకం మాత్రం నిలబడింది. 2007లో జర్మనీ పరిశోధకులు ఫిలాగ్రిన్ లోపాన్ని పేనుకొరుకుడు రోగుల్లో వెతికారు. ఆ లోపం పేనుకొరుకుడు రావడానికి కారణంగా కనబడలేదు. కానీ పేనుకొరుకుడూ, అటోపీ రెండూ ఉన్నవాళ్లలో ఈ లోపం కూడా ఉంటే జబ్బు చాలా తీవ్రంగా ఉంది. ఈ తేడా గమనించాలి. ఎగ్జిమా పేనుకొరుకుడును పుట్టించడం కన్నా, పుట్టిన దాన్ని మొండిగా మార్చడంలో దాని పాత్రకు సాక్ష్యం గట్టిగా ఉంది. 2015 లెక్కలోనూ, మచ్చలతో ఆగినవాళ్ల కన్నా తల మొత్తం పోయినవాళ్లలో ఎగ్జిమా కొంత ఎక్కువగా తేలింది.

ఒకే మాత్ర రెండింటికీ పనిచేస్తే ఏం రుజువైనట్టు

ఇప్పుడు ముందు చెప్పిన చిల్లు. బారిసిటినిబ్ జాక్1, జాక్2 ఎంజైములను అడ్డుకుంటుంది. పేనుకొరుకుడును నడిపే ఇంటర్‌ఫెరాన్ గామా వీటి మీదుగానే వెళ్తుంది. ఎగ్జిమాను నడిపే ఇంటర్‌ల్యూకిన్-4, 13 కూడా జాక్1 మీదుగానే వెళ్తాయి. కీళ్లవాతాన్ని నడిపేవి కొన్ని కూడా అంతే. ఆ మాత్ర మొదట వచ్చిందే కీళ్లవాతానికి. ఎన్నో దారులు కలిసే కూడలిని మూసేస్తే అన్ని దారులూ ఆగుతాయి. దాన్నిబట్టి ఆ దారులన్నీ ఒకే ఊరి నుంచి వస్తున్నాయని చెప్పలేం.

మాత్ర ఎంత పనిచేసిందో కూడా చూడాలి. కనీసం సగం తల జుట్టు పోయినవాళ్ల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో, రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 36 వారాలకు నూటికి 36 నుంచి 39 మందికి తల మీద 80 శాతం పైగా జుట్టు వచ్చింది. మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో నూటికి 3 నుంచి 6 మందికి. చిన్న విజయం కాదు. మానేస్తే ఎక్కువమందిలో మళ్లీ ఊడిందన్నదీ అంతే నిజం. 2023లో 12 ఏళ్లు దాటినవాళ్లకు రిట్లెసిటినిబ్, 2024లో పెద్దలకు డ్యూరక్సోలిటినిబ్ ఎఫ్‌డీఏ ఆమోదం పొందాయి. జాక్‌లను అడ్డుకునే ఈ తెగ మందుల డబ్బాల మీద తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు, గుండె సమస్యలు, క్యాన్సర్, రక్తపు గడ్డల గురించి హెచ్చరిక ఉంటుంది. ఆ హెచ్చరికకు ప్రధాన ఆధారం గుండె ముప్పు ఉన్న, 50 ఏళ్లు దాటిన కీళ్లవాతం రోగుల మీద ఇదే తెగకు చెందిన టోఫాసిటినిబ్‌తో జరిగిన పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల మనిషికి అది ఎంత వర్తిస్తుందన్నది వైద్యుల మధ్య నలుగుతున్న వాదన. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ లేచే ప్రమాదం మాత్రం మన దేశంలో ఏ వయసులోనూ తీసిపారేయదగ్గది కాదు. ముందుగా దానికి పరీక్ష చేసేది అందుకే.

బారిసిటినిబ్ పేరు తెలుగువాళ్లకు మొదట వినబడింది జుట్టు కోసం కాదు, కోవిడ్ కోసం. 2021 మేలో దాన్ని రెమ్డెసివిర్‌తో కలిపి వాడటానికి అత్యవసర అనుమతి దొరికాక, ఇక్కడ తయారుచేసే లైసెన్సులు పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ ఉన్నాయి.

జాక్ మందులు తేల్చలేని ప్రశ్నను తేల్చాలంటే ఇంటర్‌ల్యూకిన్-4, 13 దారిని మాత్రమే మూసే మందు కావాలి. అది డుపిలుమాబ్. 2017లో ఎగ్జిమాకు ఆమోదం పొందిన ఇంజెక్షన్. 2018లో ఎగ్జిమా కోసం ఇది తీసుకున్న 13 ఏళ్ల అమ్మాయికి ఏళ్ల కిందట పూర్తిగా పోయిన జుట్టు తిరిగి మొలిచిందని ఒక వైద్య పత్రిక ప్రచురించింది. అదే ఏడాది, ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టాక కొత్తగా పేనుకొరుకుడు వచ్చిందన్న నివేదిక కూడా అచ్చయింది. తక్కెడ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు రెండో దాన్ని చూపారు: టీహెచ్2 పళ్లెం ఎత్తితే టీహెచ్1 దిగిందని. రెండో పక్షం మొదటి దాన్ని చూపింది.

మౌంట్ సైనాయ్‌లో ఎమ్మా గట్‌మన్-యాస్కీ బృందం 60 మందితో పరీక్ష చేసి 2022లో ఫలితం ప్రచురించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి ఉత్త ఇంజెక్షన్. మందు పొందిన 40 మందిలో 48 వారాలకు కనీసం సగం మెరుగుపడినవాళ్లు 22.5 శాతం. ఐజీఈ 200 దాటినవాళ్లను విడిగా చూస్తే అది 46.2 శాతం. శాతాలను మనుషుల్లోకి మారిస్తే మొత్తం 40 మందిలో 9 మంది, ఐజీఈ ఎక్కువున్న 13 మందిలో 6 మంది. అంటే మిగతా 27 మందిలో ముగ్గురే. ఇకెడా చెప్పిన అటోపిక్ రకం 57 ఏళ్ల తర్వాత ఒక మందు ఫలితంలో తేలింది. పేనుకొరుకుడు అని మనం పిలుస్తున్నది ఒకే జబ్బు కాకపోవచ్చు, అందులో ఒక భాగానికే ఎగ్జిమాతో లోతైన చుట్టరికం ఉంది అన్న వాదనకు ఇప్పటికి ఉన్న మంచి సాక్ష్యం ఇదే. పదమూడు మంది మీద నిలబడ్డ సాక్ష్యం అన్నదీ మరవకూడదు. ఒక్కరిద్దరు అటూ ఇటూ అయితే శాతం చాలా మారిపోతుంది.

కావాలని ఎగ్జిమా తెప్పించే వైద్యం, ఇంటి వైద్యాలు

వింతగా, ఎగ్జిమాను తెప్పించి జుట్టు మొలిపించే పద్ధతి ఒకటి 1980ల నుంచి ఆస్పత్రుల్లో ఉంది. డీపీసీపీ అనే రసాయనం మీద ముందు రోగి చర్మానికి అలర్జీ పుట్టేలా చేస్తారు. తర్వాత చాలా పలచన ద్రావణాన్ని వారానికోసారి తలకు పూసి, స్వల్పంగా ఎరుపు, దురద ఉండేలా నెలల తరబడి కొనసాగిస్తారు. కుదురు మీదున్న దాడి దృష్టి మళ్లుతుందన్నది ఒక వివరణ. ఈ రసాయనానికి ఎఫ్‌డీఏ ఆమోదం లేదు, అయినా చాలా దేశాల్లో చర్మ వైద్యులు వాడుతున్నారు. ఇక్కడ వచ్చేది తగిలితే వచ్చే ఎగ్జిమా, అటోపిక్ కాదు. పైగా అటోపీ ఉన్నవాళ్లలో ఈ పద్ధతి ఫలితం తక్కువని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. ఎగ్జిమా అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు ప్రక్రియలున్నాయనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన ఇళ్లలో ఉల్లిపాయ రసం, వెల్లుల్లి, గురివింద గింజ నూరి రాయడం కూడా చర్మాన్ని రేపే పనులే. ఉల్లి రసం మీద 2002లో ఇరాక్‌లో ఒక చిన్న పరీక్ష జరిగింది. రాసుకున్న 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో జుట్టు వచ్చింది, నీళ్లు రాసుకున్నవాళ్లలో 13 శాతానికే. ఫలితం బాగుంది. కానీ ఉల్లి వాసన దాచలేం కాబట్టి ఎవరికి ఏం రాస్తున్నారో అందరికీ తెలుసు. తక్కువ మచ్చలున్న వాళ్లలో చాలామందికి దానంతటదే జుట్టు వస్తుందన్న సంగతీ ఉండనే ఉంది. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం మీద ఇవి పెట్టే మంట వేరే స్థాయిలో ఉంటుంది, చిట్లిన చోట చీము పడుతుంది. గురివింద గింజలో ఉండే ఆబ్రిన్ ప్రాణాంతక విషం. దాన్ని పగిలిన చర్మానికి పూయడాన్ని ఏ లెక్కతోనూ సమర్థించలేం.

స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వల్ల పేనుకొరుకుడు వచ్చిందేమోనన్న భయానికి ఆధారం లేదు. పేనుకొరుకుడు మచ్చలకు మొదట ఇచ్చేది కూడా స్టెరాయిడ్లే, పూతగానో ఇంజెక్షన్‌గానో. ఏళ్ల తరబడి గట్టి స్టెరాయిడ్ పూస్తే చర్మం పలచబడుతుంది, అది వేరే నష్టం.

మన దగ్గర ఐజీఈ 200 అంటే ఏమిటి

ఇదంతా చదివినవాళ్లకు వచ్చే సహజమైన ఆలోచన: ఐజీఈ పరీక్ష చేయిస్తే మనవాళ్లు ఏ రకమో తెలిసిపోతుంది కదా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా చేసే రక్తపరీక్షే అది. చిక్కు ఎక్కడంటే, ఐజీఈ అలర్జీతోనే పెరగదు. కడుపులో నులిపురుగులు, కొంకి పురుగులు ఉన్నా పెరుగుతుంది, ఒక్కోసారి చాలా ఎక్కువగా. న్యూయార్క్ రోగుల్లో 200 గీత అటోపీని బాగానే వేరు చేసి ఉండవచ్చు. బడిలో ఆరు నెలలకోసారి నులిపురుగుల మాత్ర మింగే పిల్లలున్న చోట అదే గీత అదే అర్థం ఇవ్వదు. ఆ కాగితం మీది అంకె కన్నా, పిల్లాడికి పసితనంలో మోచేతి మడతలు ఎర్రబడ్డాయా, చలికాలంలో పిల్లికూతలు వస్తాయా, అమ్మానాన్నల్లో ఎవరికైనా ఆస్తమా ఉందా అన్న ప్రశ్నలకు జవాబులే ఇకెడా కాలంలో లాగే ఇప్పటికీ వైద్యుడికి ఎక్కువ చెబుతాయి.